ఇప్పుడెలా ఉంది?

త్రియెస్తే రేవు మీద బోరా గాలి
రెండో రోజూ కిటికీలు పీకుతోంది.
నాలుగో అంతస్తులో మేమిద్దరం,
పోయినవాళ్ల ఇళ్లు ఖాళీ చేసేవాళ్లం,
నేనూ దుయీలియో.
పోయినామె పేరు ఎగ్లె పెర్తోట్.
కాగితం మీద అంతకు మించి లేదు.

సొరుగు అడుగున, జత తప్పిన చేతితొడుగులో
బొటనవేలంత సీసా.
తేనెరంగులో నాలుగు చుక్కలు.
గాజుమూత బిగుసుకుపోయింది.
నోటి ఆవిరి పట్టి, గుడ్డ చుట్టి తిప్పితే
కీచుమని వదిలింది.
మణికట్టు మీద ఒక్క చుక్క.

"ఎలా ఉంది?" అన్నాడు దుయీలియో.
మూడేళ్ల కిందటి జ్వరం అతని ముక్కుని పట్టుకుపోయింది.
అతనికి కాఫీ అంటే వేడి, అంతే.

"గోళ్లరంగు తుడిచే మందులా ఉంది.
పాడైంది."
అబద్ధం కాదు. సీసాలో పైపై వాసనలే ముందు చస్తాయి.
నిమ్మతొక్క, సబ్బునురగ, ఆ తళుకంతా
ఏ ఏటికాయేడు మూతసందులోంచి జారుకుని ఉంటుంది.
మిగిలింది ముక్కు చిట్లించే పులుపు.
చెయ్యి దూరంగా పెట్టుకుని పళ్లాలు సర్దాను.

పదకొండు పళ్లాలు. పన్నెండోది దొరకలేదు.

పావుగంట తర్వాత పూలొచ్చాయి.
ఒక్కొక్కటిగా కాదు,
చిన్న లిఫ్టులో ఇరుక్కున్న పెళ్లిబృందంలా.
గులాబీ ఎవరి కాలో తొక్కింది,
మల్లె పెద్దగా నవ్వుతోంది,
వెనకెక్కడో ఒక ముసలి కార్నేషన్ దగ్గుతోంది.

"ఇప్పుడు?"
"లిఫ్టులో పెళ్లివాళ్లు."
అర్థమైనట్టే తలూపాడు.

మధ్యాహ్నం కోట్లు మడుస్తుంటే, చెప్పకుండా, పౌడరు.
పౌడరంటే డబ్బాలో పౌడరు కాదు.
పఫ్ తాకినచోట గాలి కాస్త చిక్కబడటం.
అద్దం ముందు ఎవరో ఊపిరి బిగబట్టి మెడ తిప్పడం.
పాత ఉత్తరం మడత దగ్గర పిండిలా రాలే కాగితం.
ఓ చేదు బాదం పలుకు.
ఇంకా లోపల, చల్లటి మట్టి, క్యారట్ తొక్క.
ఐరిస్.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు.
దీని పువ్వుకి ఆ మాట చేరలేదు.
ఉన్నదంతా దుంపలో.
తవ్వి, చెక్కు తీసి, గోనెల్లో కట్టి చీకటికి వదిలేస్తే
మూడేళ్లకో ఐదేళ్లకో
తీరిక చూసుకుని నోరు విప్పుతుంది.

ఇదంతా దుయీలియోకి చెప్పాను.
పెట్టెకి టేపు వేస్తున్నవాడు ఆగాడు.
"మా అమ్మ హ్యాండ్‌బ్యాగు" అన్నాడు.
"చిల్లర, రుమాలు, లిప్‌స్టిక్, చర్చిలో నాకిచ్చే పుదీనా బిళ్ల."
"అదే" అన్నాను.
అది కాదు.
కానీ ఆ ముఖం చూసి కాదని ఎవరంటారు?

సాయంత్రం బీరువా దించాం.
తాడు ఒరుసుకుని, చెమట పట్టి, మణికట్టు వెచ్చబడింది.
పూలు లేవు. పొడీ పలచబడింది.
కింద ఒక జంతువు పడుకుని ఉంది,
కస్తూరిది, కళ్లు సగం తెరిచి.
మెడ వెనక జుట్టు మొదట్లో ఉండే వాసన.
అప్పుడే లేచిన పక్కలో దుప్పటి.

పొద్దుటినుంచీ ఎగ్లెని ఊహించుకుంటున్నాను,
టోపీ, మడమ ఎత్తు బూట్లు, ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చతో సహా.
ఇప్పుడు తెలిసింది.
చుక్క ఆమెది. చర్మం నాది.
ఈ ఉప్పు నాది, తెల్లారి తిన్న ఉల్లిపాయ నాది,
యాభై మూడేళ్లుగా ఎవరికీ చెప్పని ఈ వెచ్చదనం నాది.
ఆమె ఒంటి మీద ఇది ఇలా ఉండి ఉండదు.
గంటగంటకీ నేను వర్ణిస్తున్నది
చచ్చిపోయినామెని కాదు.

మెట్ల మీద ఆఖరి పెట్టె.
వెనక్కి అడుగులేస్తూ దుయీలియో అడిగాడు,
"ఇప్పుడెలా ఉంది?"

చేతులు పెట్టె కింద ఉన్నాయి.
వాసన చూడక్కర్లేదు, అదే వస్తోంది.

"అయిపోయింది" అన్నాను.
"మెట్టు చూసుకో."